రెండు వెలుగులు కలిస్తే నాలుగు రెట్లు ఎలా? మిగతా రెండు ఎక్కడి నుంచి వచ్చాయి?

ట్యూషన్ మాస్టారు
ఇంటర్ పిల్లలకి సాయంత్రాలు ఫిజిక్స్ చెప్తుంటాను. పదకొండేళ్లుగా యంగ్ ప్రయోగం చెప్తున్నాను, అదే, పక్కపక్కనున్న రెండు సన్నని చీలికల గుండా కాంతిని పంపితే తెర మీద వెలుగు పట్టీలు, చీకటి పట్టీలు పడే ప్రయోగం. మొన్న మంగళవారం ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకి చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు అలాగే నిలబడిపోయాను.

ఒక్కో చీలిక నుంచి తెర మీద పడే వెలుగు తీవ్రత ఒకటి అనుకుందాం. రెండు తరంగాలూ ఒకే దశలో, శిఖరం మీద శిఖరం పడేలా వచ్చి కలిసిన చోట, అంటే సంపోషక వ్యతికరణం జరిగిన చోట, తీవ్రత నాలుగు అని రాయించాను. కంపన పరిమితి, అంటే అల ఎత్తు, ఒకటీ ఒకటీ కలిసి రెండు, తీవ్రత దాని వర్గం కాబట్టి నాలుగు. ప్రతి ఏడాదీ చెప్పే పాఠమే. ఆ పిల్ల లేచి, "సార్, ఒక దీపం పక్కన ఇంకో దీపం పెడితే రెండు దీపాల వెలుగే కదా రావాలి. నాలుగు దీపాల వెలుగు వస్తే మిగతా రెండూ ఎవరు వెలిగించారు? శక్తి పుట్టదని మీరే చెప్పారు" అంది.

చీకటి పట్టీల్లో తగ్గిందే ఇక్కడ పెరిగింది అన్నాను. "అక్కడ చీకటి ఉందని ఇక్కడి వెలుగుకి ఎలా తెలుసు సార్? అక్కడి నుంచి ఇక్కడికి ఏ దారిన వచ్చింది?" అని మళ్లీ అడిగింది. రేపు చెప్తానన్నాను. నాలుగు రోజులైంది. పుస్తకంలో సూత్రం ఉంది, నిరూపణ ఉంది, లెక్కలున్నాయి. ఈ సంగతి గురించి ఒక్క వాక్యం లేదు. పరీక్షలో రాదులే అని ఆ పిల్లని కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. మనసుకి పట్టేలా ఎవరైనా చెప్పండి.

కోనసీమ కుర్రాడు
ఇంటర్‌లో నాకూ ఇదే డౌట్ వచ్చింది, అడగడానికి భయపడ్డాను. ఆ అమ్మాయికి నా తరఫున ఒక పెన్ను కొనివ్వండి మాస్టారూ.

సోడియం దీపం
ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీ ల్యాబులో న్యూటన్ వలయాలు, అంటే గుండ్రంగా పడే ఇలాంటి పట్టీలే, చూపించినవాడిని. పిల్లలకి నేను చెప్పేది ఇలా ఉండేది.

ఒక్కో చీలిక ఒక మానిక బియ్యం తెచ్చి చాప మీద పోస్తుంది అనుకోండి. రెండు చీలికలు తెరిస్తే రెండు మానికలు. సమంగా పరిస్తే చాపంతా రెండంగుళాల మందం ఉంటుంది. మామూలు బల్బులు రెండు పెడితే జరిగేది ఇదే. ఇప్పుడు అయిదు వేళ్లతో చాప మీద గీతలు లాగండి. దుక్కి దున్నినట్టు గట్లు, చాళ్లు పడతాయి. గట్టు మీద నాలుగంగుళాలు, చాలులో చాప కనబడుతుంది. చాప మీదున్న బియ్యం మాత్రం రెండు మానికలే.

లెక్కలో కూడా అంతే. తెర మీద ఏ బిందువు దగ్గరైనా తీవ్రత అంటే నాలుగు ఇంటూ కాస్ స్క్వేర్ (కొసైన్ వర్గం), లోపల దశా భేదంలో, అంటే రెండు అలల దశల తేడాలో, సగం. కాస్ స్క్వేర్ సగటు సరిగ్గా సగం. నాలుగులో సగం రెండు. ఒక్క గింజ ఎక్కువ రాలేదు, ఒక్క గింజ పోలేదు. మాస్టారూ, మీరు నాలుగు ఒక్కటే బోర్డు మీద రాసి ఆపేశారు. పక్కనే సున్నా, కింద సగటు రెండు కూడా రాయించి ఉంటే ఆ పిల్ల మొదటి ప్రశ్న అక్కడే తీరిపోయేది.

ఇంటర్ సెకండియర్
అయితే పది చీలికలు పెడితే వంద రెట్లా???

సోడియం దీపం
అవును, వంద రెట్లే. పది కంపన పరిమితులు కలిస్తే పది, దాని వర్గం వంద. కానీ గట్టు సన్నబడిపోతుంది. సగటు మాత్రం పది దగ్గరే నిలబడుతుంది. వెయ్యి చీలికలు పెడితే గట్టు గీతలాగా అయిపోతుంది. గ్రేటింగ్ అంటే అదే. సీడీ మీద రంగులు కనిపించేది కూడా అందుకే, దాని మీది సన్నని గాడుల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు.

ప్రశ్నల పుట్ట
సోడియం దీపం గారి బియ్యం ఉపమానం బాగుంది కానీ ఆ అమ్మాయి అడిగిన రెండో ప్రశ్నకి అది జవాబు కాదు. బియ్యం ముందు సమంగా పడింది, తర్వాత మనం వేళ్లతో పక్కకి నెట్టాం. కాంతిని ఎవరు నెట్టారు? చీకటి పట్టీలో ముందు వెలుగు పడి, తర్వాత పక్కకి జరిగిందా? లేదు కదా. ఉపమానం సగం దూరమే తీసుకెళ్లి వదిలేసింది.

ట్యూషన్ మాస్టారు
అదేనండీ! ప్రశ్నల పుట్ట గారు సరిగ్గా పట్టుకున్నారు. సగటు రెండు అని మర్నాడు చెప్పి చూశాను. "లెక్క సరిపోయింది సార్, కానీ ఎలా జరిగింది?" అంది.

వెన్నెల పిట్ట
ఆప్టిక్స్‌లో పరిశోధన చేస్తున్నాను. నాకు ఈ చిక్కు విడిపోవడానికి ఎమ్మెస్సీ దాకా పట్టింది, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

తప్పు ఎక్కడ జరుగుతోందంటే, ప్రతి చీలికా "ఒకటి" అనే వెలుగు మూటని తెర మీద ప్రతి చోటికీ మోసుకొస్తుందని ముందే అనుకుంటున్నాం. ఆ మూటలు కలపబోతే నాలుగో సున్నానో వస్తే ఆశ్చర్యపోతున్నాం. ఒక చీలిక మూసి ఉన్నప్పుడు మాత్రమే ఆ "ఒకటి" నిజం. రెండోది తెరవగానే చీలికల దగ్గర్నుంచి తెర దాకా ఉన్న విద్యుత్ క్షేత్రం మొత్తం మారిపోతుంది. క్షేత్రాలు కలుస్తాయి, తీవ్రతలు కలవవు. శక్తి ఎటు ప్రవహించాలో నిర్ణయించేది ఆ కలిసిన క్షేత్రమే. కాబట్టి చీకటి పట్టీలో పడాల్సిన శక్తి పక్కకి జరగలేదు, అది అసలు అటు బయలుదేరనే లేదు. చీలికలు దాటిన దగ్గర్నుంచే దారి వేరు. ఏటికి రెండు పాయలు వచ్చి కలిస్తే, కలిసిన తర్వాత నీళ్లు ఎటు పోతాయో ఒక్కో పాయని విడిగా చూసి చెప్పలేం కదా.

ఇక "ఇక్కడి వెలుగుకి అక్కడి చీకటి ఎలా తెలుసు" అన్నది. తెలియక్కర్లేదు. చీలికల మధ్య పావు మిల్లీమీటరు, తెర 2 మీటర్ల దూరం, 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ తీసుకోండి. పట్టీ వెడల్పు 5.2 మి.మీ. వస్తుంది. నడిమధ్య రెండు దారులూ సమానం, శిఖరం మీద శిఖరం పడుతుంది, నాలుగు. అక్కడి నుంచి 2.6 మి.మీ. పక్కకి జరిగితే ఒక దారి ఇంకోదానికంటే 325 నానోమీటర్లు పెరుగుతుంది. అది సగం తరంగదైర్ఘ్యం, అంటే అల పొడవులో సగం. శిఖరం మీద లోయ పడుతుంది, సున్నా. ఏ బిందువుకి ఆ బిందువు తన దగ్గరికి వచ్చిన రెండింటినే కలుపుకుంటుంది, పక్కవాడి సంగతి అడగదు. అయినా మొత్తం లెక్క సరిపోతోందంటే, శక్తి నిత్యత్వం తరంగ సమీకరణంలోనే ఇమిడి ఉంది. బయటి నుంచి ఎవరో కాపలా కాయడం లేదు.

కోనసీమ కుర్రాడు
రెండు పాయలు కలిసే మాట మా గోదావరి వాళ్లకి బాగా ఎక్కుతుంది. మాకు మాత్రం ధవళేశ్వరం దగ్గర పాయలు విడిపోవడమే తెలుసు, కలవడం అంటే వాడపల్లి వెళ్లి కృష్ణా మూసీ సంగమం చూడాలి :)

సౌండ్ బాబాయ్
నేను చదువుకున్నది పదో తరగతి. సౌండ్ అండ్ లైటింగ్ నడుపుతాను, పెళ్లిళ్లు, జాతరలు. ఇది వెలుగు సంగతైనా చదువుతుంటే నా కష్టమే గుర్తొచ్చింది, అందుకే రాస్తున్నా.

స్టేజికి అటొక బేస్ బాక్సు, ఇటొక బేస్ బాక్సు పెడితే నడిమధ్యలో కూర్చున్నవాళ్ల గుండెలు అదురుతాయి. నాలుగడుగులు పక్కకి జరిగితే బేస్ చప్పబడుతుంది. ఇంకొంచెం జరిగితే మళ్లీ వస్తుంది. ఒక జాతరలో కమిటీ పెద్దలు సరిగ్గా ఆ చప్పటి చోటే కుర్చీలు వేసుకున్నారు. బాక్సు పాడైపోయిందని గొడవ పెట్టుకుని నా డబ్బులు కోశారు. బాక్సు బాగానే ఉంది, వాళ్లు కూర్చున్న చోటే బాగాలేదు. చెప్పినా ఎవరు వింటారు. అప్పుడు ఒక ఇంజినీరు బాబు లెక్క వేసి చూపించాడు. 60 హెర్ట్జ్ బేస్ అల పొడవు సుమారు 5.7 మీటర్లు, రెండు బాక్సుల దూరాల్లో తేడా 2.85 మీటర్లు ఉన్న చోటల్లా చప్పబడుతుంది అని. అప్పటి నుంచి రెండు బాక్సులూ స్టేజి మధ్యలో కింద పక్కపక్కనే అతికించి పెడుతున్నా. గొడవ పోయింది. పైగా సౌండ్ ఎక్కువొచ్చింది. మీటరు పెట్టి చూశా, ఒక బాక్సు కంటే 6 డెసిబెల్స్ ఎక్కువ.

ప్రశ్నల పుట్ట
ఆగండి ఆగండి. సౌండ్ బాబాయ్ తెలియకుండానే పెద్ద బాంబు వేశారు. 3 డెసిబెల్స్ అంటే రెండు రెట్లు, 6 అంటే నాలుగు రెట్లు. బాక్సులు పక్కపక్కనే ఉంటే అన్ని దిక్కులా ఒకే దశ, అన్ని దిక్కులా నాలుగు రెట్లే. మరి ఇక్కడ చాళ్లు ఎక్కడ? చీకటి పట్టీ ఏది? సగటు కూడా నాలుగే అయిపోయిందిగా. సోడియం దీపం గారూ, చాప మీద బియ్యం రెట్టింపైంది!

ఇంటర్ సెకండియర్
ఇప్పుడు నాకు నిజంగా టెన్షన్ వస్తోంది. ఎల్లుండి మాకు ఈ చాప్టర్ స్లిప్ టెస్టు.

సోడియం దీపం
బాబూ, స్లిప్ టెస్టుకి పట్టీ వెడల్పు నిరూపణ చదువుకో. ఈ ప్రశ్న టెస్టులో రాదు, కానీ దీన్ని వదలొద్దు.

పుట్ట గారి ప్రశ్న న్యాయమైనదే. నా ఉపమానం రెండు జనకాల, అంటే తరంగాలు పుట్టే చోట్ల, మధ్య దూరం తరంగదైర్ఘ్యం కంటే చాలా ఎక్కువ ఉన్నప్పుడే చెల్లుతుంది. దగ్గరపడితే ఇంకో కథ. ఎవరైనా యాంటెనాల మనిషి ఉంటే చెప్పాలి.

చికాగో చలి
యాంటెనాల మనిషిని నేనున్నాను. ఇక్కడ రాత్రి రెండైంది, నిద్ర పట్టడం లేదు, మంచి ప్రశ్న దొరికింది.

ఒక యాంటెనా ఒక్కటే ఉంది, దాంట్లో కొంత కరెంటు నడిపిస్తే ఒక వాటు బయటికి పోతోంది అనుకోండి. పక్కన, తరంగదైర్ఘ్యంతో పోలిస్తే చాలా దగ్గరగా, ఇంకోటి పెట్టి దాంట్లోనూ అంతే కరెంటు, అదే దశలో నడిపించాం. క్షేత్రం అన్ని దిక్కులా రెట్టింపు, బయటికి పోయే శక్తి నాలుగు వాట్లు. నిజంగానే నాలుగు. మరి ఆ నాలుగూ ఇచ్చేది రెండు ట్రాన్స్‌మిటర్లే. ఒక్కోటీ ఇప్పుడు రెండు వాట్లు ఇస్తోంది. ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందంటే, పక్క యాంటెనా క్షేత్రం వచ్చి దీని కరెంటుకి ఎదురు నెడుతుంది. అదే కరెంటు నిలబెట్టాలంటే ట్రాన్స్‌మిటర్ రెట్టింపు కష్టపడాలి. దాన్ని మేము రేడియేషన్ రెసిస్టెన్స్ పెరిగింది అంటాం. ట్రాన్స్‌మిటర్‌కి ఆ శక్తి లేకపోతే కరెంటు పడిపోతుంది, నాలుగు రాదు. అంతే, ఊరికే ఏదీ రాదు.

దశ తిరగేసి పెడితే ఇంకా బాగుంటుంది. రెండూ ఎదురెదురు దశల్లో ఉంటే దాదాపు ఏమీ బయటికి పోదు. అప్పుడు శక్తి మాయమైందా? లేదు, ట్రాన్స్‌మిటర్లు దాదాపు ఏమీ ఇవ్వడం లేదు.

సౌండ్ బాబాయ్ గారి బాక్సుల్లో కూడా అదే. ఒక్కో కోన్ పక్క కోన్ పుట్టించిన పీడనానికి ఎదురు నెట్టాలి. ఎక్కువ పని చేస్తోంది కాబట్టి ఎక్కువ శబ్దం.

సౌండ్ బాబాయ్
మరి నా ఆంప్లిఫయర్ ఎక్కువ కరెంటు లాగాలి కదా అన్నా? నేను చూసినంతలో తేడా ఏం లేదే.

చికాగో చలి
మంచి మాట అడిగారు. స్పీకరుకి మీరిచ్చే కరెంటులో శబ్దంగా మారేది వందకి కొద్ది పాళ్లే, మిగతాదంతా కాయిల్లో వేడిగా పోతుంది. ఆ కొద్ది పాళ్లు రెట్టింపైనా మీ మీటరు మీద పెద్దగా కనబడదు. శబ్దంగా మారే వాటా పెరిగిందన్నమాట.

వెన్నెల పిట్ట
చికాగో గారు చెప్పింది అక్షరాలా నిజం. మాస్టారి ప్రయోగంలో ఇది ఎందుకు అడ్డు రాదంటే, అక్కడ చీలికల మధ్య పావు మిల్లీమీటరు ఉంది, అది 650 నానోమీటర్ల ఎర్ర కాంతికి దాదాపు 385 తరంగదైర్ఘ్యాల దూరం. అంత దూరంలో ఒక చీలిక ఇంకోదాన్ని ప్రభావితం చేయడం లెక్కలోకి రాదు. అందుకే అక్కడ గట్లు, చాళ్లు, సగటు రెండు. మాస్టారూ, ఆ అమ్మాయికి రెండూ చెప్పండి. జనకాలు దూరంగా ఉంటే పంపకం మారుతుంది, బాగా దగ్గరగా ఉంటే జనకాలు పెట్టే ఖర్చే మారుతుంది.

ట్యూషన్ మాస్టారు
ఈ రెండో సగం నాకు ఇన్నేళ్లలో తట్టనే లేదు. నోటుబుక్కులో రాసుకున్నాను. చికాగో గారూ, సౌండ్ బాబాయ్ గారూ, నిజంగా రుణపడి ఉంటాను.

కృష్ణలంక కిరణం
వేరే డౌట్. నేను రెండు లేజర్ పాయింటర్లు కొని గోడ మీద ఒకే చోట వేశాను. రెండూ ఎరుపే, ఒకే కంపెనీ. పట్టీలు రాలేదు. చుక్క ఇంకొంచెం వెలిగింది అంతే. లేజర్ అంటే సంబద్ధ కాంతి, అలలన్నీ అడుగు కలిపి నడిచే కాంతి కదా?

కోనసీమ కుర్రాడు
రెండు వేర్వేరు లేజర్లు ఎప్పటికీ వ్యతికరణం చెందవు. మా లెక్చరర్ ఖచ్చితంగా చెప్పారు.

వెన్నెల పిట్ట
"ఎప్పటికీ" అన్నది తప్పు కోనసీమ గారూ. ఒక లేజర్ తనతో తాను సంబద్ధం. రెండోదానితో కూడా అడుగు కలిపి నడుస్తుందని హామీ లేదు. ఒకే కంపెనీ పాయింటర్లైనా వాటి పౌనఃపున్యాలు, అంటే సెకనుకి ఎన్ని కంపనాలో ఆ లెక్క, కొంచెం తేడాగా ఉంటాయి. ఆ తేడా 10 లక్షల హెర్ట్జ్ మాత్రమే ఉందనుకున్నా, పట్టీలు సెకనుకి 10 లక్షల సార్లు గోడ మీద జరిగిపోతుంటాయి. పాయింటర్లలో తేడా దానికంటే చాలా ఎక్కువ. కన్ను పట్టుకోలేదు, సగటు చూస్తుంది, సగటు రెండు. పట్టీలు అక్కడ ఉన్నాయి, మనకి అంత చురుకైన కన్ను లేదు. 1963లో మాగ్యార్, మాండెల్ అనే ఇద్దరు రెండు వేర్వేరు రూబీ లేజర్లు తీసుకుని, చాలా తక్కువ సమయం తెరుచుకునే కెమెరా లాంటి పరికరంతో ఆ పట్టీలని ఫొటో తీశారు కూడా.

ఇంట్లో ట్యూబ్‌లైట్, బల్బు కూడా అంతే. మామూలు దీపంలో దశ సెకనులో వెయ్యి కోట్లో వంతు కాలానికే తెగి మారిపోతుంటుంది. ప్రతి క్షణం మీ గోడ మీద పట్టీలు పుట్టి చెరిగిపోతూనే ఉన్నాయి.

కోనసీమ కుర్రాడు
ఒప్పుకున్నాను. గోడని ఇక మునుపట్లా చూడలేను.

కళ్లద్దాల షాపు
మా పనిలోనూ ఇదే ఉంది. యాంటీ గ్లేర్ కోటింగు. పూత లేని గాజు ఒక్కో ముఖం మీద సుమారు 4 శాతం వెలుగుని వెనక్కి కొడుతుంది, రెండు ముఖాలకీ కలిపి 8 దాకా. మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత సుమారు 100 నానోమీటర్ల మందం వేస్తే, పూత పైనుంచి వెనక్కొచ్చే తరంగం, కిందినుంచి వెనక్కొచ్చే తరంగం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కస్టమర్లు "మరి ఆ వెలుగు ఏమైంది" అని అడుగుతారు. లోపలికే పోయింది, మీ కంటికి చేరింది అంటాను. అద్దం వెనక్కి కొట్టడం తగ్గింది కాబట్టి ముందుకు వెళ్లేది పెరిగింది. అన్ని రంగులకీ ఒకే మందం సరిపోదు, అందుకే ఏటవాలుగా చూస్తే అద్దం వంకాయ రంగులోనో ఆకుపచ్చగానో మెరుస్తుంది.

బాసర బాటసారి
కళ్లద్దాల షాపు గారి మాటే చాలా పెద్ద సైజులో చూడాలంటే లైగో, అమెరికాలో గురుత్వ తరంగాలని పట్టే పరికరం. ఒక లేజర్ కిరణాన్ని రెండుగా చీల్చి, 4 కిలోమీటర్ల పొడవున్న రెండు గొట్టాల్లోకి పంపి, అద్దాల మీద తిప్పి మళ్లీ కలుపుతారు. గమనించే వైపు దాదాపు చీకటిగా ఉండేలా సర్దుతారు. అటు చీకటి అంటే వెలుగంతా ఇటు, లేజర్ వైపే తిరిగొస్తుంది. ఆ తిరిగొచ్చిన వెలుగుని పారేయరు. మధ్యలో ఒక అద్దం పెట్టి మళ్లీ లోపలికే పంపుతారు. మాస్టారి ప్రశ్నకి ఇంతకంటే ఘనమైన సాక్ష్యం నాకు తెలియదు. శక్తి పోయిందేమో అని కంగారు పడకుండా, ఎక్కడికి పోయిందో తెలుసుకుని అక్కడ అద్దం పెట్టి వాడుకుంటున్నారు.

2015 సెప్టెంబరు 14న గురుత్వ తరంగం తాకినప్పుడు ఆ గొట్టాల పొడవులో వచ్చిన తేడా ప్రోటాన్ కంటే వందల రెట్లు చిన్నది. ఆ తేడాకే చీకటి వైపు కాస్త వెలుగు తొణికింది. అలాంటిదే మన దేశంలో, మహారాష్ట్ర హింగోలి జిల్లా ఔంఢా నాగనాథ్ దగ్గర కట్టడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. మేము నాందేడ్ మీదుగా నాగనాథుడి దర్శనానికి వెళ్లే దారే. అది పూర్తయ్యాక పిల్లల్ని గుడికీ అక్కడికీ కలిపి తీసుకెళ్లాలని నా కోరిక.

ప్రశ్నల పుట్ట
మాస్టారూ, మాటలు చాలు. ఆ పిల్లకి చూపించండి. ఇంట్లో చేసే పద్ధతి ఎవరైనా చెప్పండి.

సోడియం దీపం
చీలికలు చేయడానికి మా ల్యాబులో డబ్బులు లేని రోజుల్లో చేసిన పద్ధతి. కాటుక పట్టినట్టే. గాజు స్లైడుని ఆముదం దీపం మీద కదుపుతూ నల్లగా మసి పట్టించండి. చల్లారాక రెండు షేవింగ్ బ్లేడులు ఒకదానికొకటి ఆనించి పట్టుకుని, స్కేలు పక్కన ఒక్క గీత లాగండి. రెండు సమాంతర గీతలు పడతాయి, మధ్య దూరం బ్లేడు మందమంత, సుమారు 0.1 మి.మీ. దాని గుండా ఎర్ర లేజర్ వేసి 3 మీటర్ల దూరంలో గోడ చూడండి. పట్టీకి పట్టీకి దాదాపు 2 సెం.మీ. ఉండాలి. గది చీకటి చేయండి. మొదటి అయిదారు స్లైడులు పాడవుతాయి, విసుక్కోవద్దు.

రెండు బిడ్డల తల్లి
దయచేసి లేజర్ పిల్లల చేతికి ఇవ్వకండి. కంట్లోకి కొట్టకూడదు, అద్దం మీద, స్టీలు గిన్నెల మీద పడి తిరిగొచ్చినా ప్రమాదమే. పెద్దవాళ్లు స్టాండుకి బిగించి, నడుం ఎత్తు కంటే కింద పెట్టి చేయండి. మా చిన్నవాడితో ఒకసారి కొద్దిలో తప్పింది, అందుకే చెప్తున్నాను.

వెన్నెల పిట్ట
తల్లిగారి మాట అందరూ వినండి. 5 మిల్లీవాట్లకి మించిన పాయింటర్ అసలు వద్దు.

మసి కూడా అక్కర్లేకుండా చేయొచ్చు. ఒక తలవెంట్రుక నిలువుగా బిగించి దాని మీద లేజర్ వేయండి. వెంట్రుక అటు నుంచీ ఇటు నుంచీ వచ్చిన కాంతి కలిసి గోడ మీద పట్టీలు గీస్తుంది. పుస్తకం లెక్కన దీన్ని వివర్తనం (అంచు దగ్గర కాంతి వంగి పరుచుకోవడం) అంటారు, కానీ థామస్ యంగ్ మొదట చేసిందే దాదాపు ఇది. 1803 నవంబరులో రాయల్ సొసైటీలో ఆయన చదివిన పత్రంలో జంట చీలికలు లేవు. కిటికీ తలుపుకున్న సన్నని రంధ్రం గుండా ఎండ లోపలికి రప్పించి, ఆ కిరణానికి అడ్డంగా అంగుళంలో ముప్పయ్యో వంతు వెడల్పున్న అట్టముక్క పెట్టాడు. నీడ లోపల పట్టీలు కనిపించాయి. అట్టకి ఒక పక్క నుంచి వచ్చే వెలుగుని ఆపేశాడు. నీడలోని పట్టీలన్నీ పోయాయి. రెండు పక్కల నుంచీ వెలుగు వస్తేనే పట్టీలు అని అలా తేల్చాడు. జంట చీలికల వర్ణన 1807లో అచ్చయిన ఆయన ఉపన్యాసాల్లో ఉంది. వృత్తికి ఆయన వైద్యుడు.

ఇంటర్ సెకండియర్
నాన్నగారు పక్కనుండగా చేశాను. అమ్మ వెంట్రుక. గోడ 3 మీటర్లు. చీకటి గీతకీ చీకటి గీతకీ 26 మి.మీ. వచ్చింది. 650 నానోమీటర్లు ఇంటూ 3 మీటర్లు, బై 26 మి.మీ. వేస్తే 0.075 మి.మీ. అమ్మ వెంట్రుక మందం స్కేలుతో కొలిచేశాను!!! నానమ్మది కూడా కావాలని అడుగుతోంది.

సోడియం దీపం
శభాష్. నానమ్మదీ కొలిచి ఇక్కడ రాయి.

కోనసీమ కుర్రాడు
ఒక్కటి మిగిలింది. కాంతి కణాలు అంటారు కదా. ఒక్కో కణం ఒంటరిగా వెళ్తే దేనితో కలుస్తుంది?

వెన్నెల పిట్ట
1909లో కేంబ్రిడ్జిలో జి.ఐ. టేలర్ గ్యాస్ మంట వెలుగుని మసి పట్టిన గాజు పలకలతో ఎంతో బలహీనం చేసి, ఒక సూది నీడని ఫొటో తీశాడు. అతి పొడవైన ఎక్స్‌పోజర్ 2000 గంటలు, దాదాపు మూడు నెలలు. అంత మసక వెలుగులో కూడా పట్టీలు మామూలుగానే, అంతే పదునుగా వచ్చాయి. అంటే పక్కన ఇంకో కణం ఉండక్కర్లేదు, రెండు దారులూ తెరిచి ఉంటే చాలు. దీని గురించి వేరే చర్చ మొదలుపెట్టండి, తప్పకుండా రాస్తాను.

ట్యూషన్ మాస్టారు
ఇవాళ క్లాసులో చేశాను. ఆరేడు స్లైడులు పాడయ్యాక వెంట్రుక దారికే వచ్చాను. పాయింటర్‌ని ఇటుకల మీద కింద పెట్టి, కిటికీలకి దుప్పట్లు కట్టాం. పట్టీలు రాగానే పిల్లలంతా ఒక్కసారి అరిచారు.

ఆ అమ్మాయిని పిలిచి, నల్లటి పట్టీ ఒకటి చూపించి అక్కడ పెన్సిలుతో గోడ మీద గుర్తు పెట్టమన్నాను. ఇప్పుడు వెంట్రుకకి ఒక పక్క పాత విజిటింగ్ కార్డు అంచు మెల్లగా జరుపుతాను, సగం వెలుగు ఆపేస్తాను, నీ గుర్తు దగ్గర ఏమవుతుందో చెప్పు అన్నాను. ఇంకా చీకటి అవుతుంది సార్ అని మిగతావాళ్లు అన్నారు. ఆ పిల్ల ఏమీ అనలేదు, గోడనే చూస్తోంది. కార్డు వెంట్రుక దాకా రాగానే పట్టీలు కలిసిపోయి ఒకే చారగా మారాయి. పెన్సిలు గుర్తు మీద వెలుగు పడింది. ఉన్న వెలుగులో సగం తీసేస్తే చీకటిగా ఉన్న చోటికి వెలుగొచ్చింది.

కార్డు తీయమంది. మళ్లీ నల్లబడింది. పెట్టమంది. వెలిగింది. అలా ఏడెనిమిది సార్లు చేయించింది. తర్వాత, "అర్థమైంది సార్. ఒక్కోటీ విడిగా ఇక్కడికి వస్తాయి. రెండూ ఉంటే ఇక్కడికి రావు, పక్కకి వెళ్తాయి. అందుకే అక్కడ నాలుగు" అంది. ఆ మాటలే బోర్డు మీద రాయమన్నాను. ఇంకా చెరపలేదు.

సోడియం దీపం
చెరపకండి. రేపటి బ్యాచ్ కూడా చదవనివ్వండి.

ఇంటర్ సెకండియర్
నానమ్మది 0.06 మి.మీ.